ఉల్లికి మూత తియ్యండి, టీకి మూత పెట్టండి

మా వంటింట్లో కోసుకునే చెక్కలు రెండున్నాయి. పెద్దది ఉల్లిపాయలకి, చిన్నది టీ ఆకులకి. ఒకదాని పని ఇంకోదాని మీద చేస్తే నేను ఊరుకోను, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకంత పట్టింపు అంటారా? మొదటిసారి నిమ్మగడ్డి ఎండబెట్టినప్పుడు ఉల్లిపాయలు కోసిన చెక్క మీదే దాన్ని ముక్కలు చేసి, ఉల్లిపాయల బుట్ట పక్కనే చేటలో ఆరబెట్టాను. నాలుగు రోజులకి గలగలలాడుతూ ఎండింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది, గాజు సీసాలో పోసి తెగ మురిసిపోయాను. మా అత్తగారు ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టి, "ఏమ్మా, ఇది టీయా, చారా?" అన్నారు. సీసా మొత్తం కుండీలోకి పోయింది.

అసలు ఉల్లికీ, పెరటి ఆకుల టీకీ సంబంధం ఏమిటని మీకు అనిపించొచ్చు. నాకు తెలిసిన సంబంధం వాసన ఒక్కటే. ఉల్లిలో ఉన్న పచ్చి వాసన పోవాలి, ఆకులో ఉన్న సువాసన పోకూడదు. అందుకే ఉల్లి వేగేటప్పుడు మూత తీసి ఉంచాలి, టీ దిగేటప్పుడు మూత పెట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. త్వరగా మగ్గుతుందని ఉల్లి మీద మూత వేస్తారు, తులసాకుల్ని మాత్రం పాల టీలాగా తెరిచిన గిన్నెలో పావుగంట కుతకుతలాడిస్తారు, ఇల్లంతా తులసి వాసన ఘుమఘుమలాడిపోతుంది, కప్పులోకి మాత్రం చేదు తప్ప ఏమీ రాదు.

ముందు ఉల్లి సంగతి చూద్దాం, సాయంత్రం టీ దాకా తర్వాత వెళ్దాం.

కొనేటప్పుడు మెడ చూడండి

మా గోదావరి వైపు ఉల్లిపాయ అంటాం, మా ఆయన వాళ్లది నల్గొండ కాబట్టి ఆ ఇంట్లో ఉల్లిగడ్డ, రాయలసీమ వాళ్లు ఎర్రగడ్డ అంటారు. పేరేదైనా కొనేటప్పుడు చూడాల్సింది దాని మెడ, అంటే పైన కాడ ఎండిపోయిన చోటు. అక్కడ బొటనవేలితో నొక్కితే గట్టిగా, పొడిగా ఉండాలి. మెత్తగా లోపలికి దిగితే ఆ ఉల్లి లోపల కుళ్లడం మొదలైందన్నమాట, పైన ఎంత నిగనిగలాడినా సరే వదిలెయ్యండి. నల్లటి బూజు పొడి పొట్టు మీద కొంచెం ఉంటే కడిగి పై పొర తీసెయ్యొచ్చు, లోపలి పొరల్లోకి కూడా పాకి ఉంటే పారెయ్యడమే.

ఇంకో విషయం, ఏ కాలం పంటో తెలుసుకోవాలి. వానాకాలం పంటలో, మన కర్నూలు ఉల్లి ఎక్కువగా ఇదే, నీరు ఎక్కువ, పొట్టు పలచన, ఎక్కువ రోజులు నిలవ ఉండదు. ఎండాకాలం మొదట్లో తీసే రబీ పంట పొట్టు దళసరిగా ఉండి నెలల తరబడి ఆగుతుంది. మహారాష్ట్ర నుంచి వచ్చి ఏడాదిలో చాలాకాలం మనల్ని పోషించేది అదే. మా తాడేపల్లిగూడెం మార్కెట్లో రెండూ దిగుతాయి, చిన్నప్పుడు నాన్నతో వెళ్తే ఆయన రెండు ఉల్లిపాయలు చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి తట్టి చూసేవారు. గట్టిగా టకటకమంటే బస్తా కొనేవారు. వంటకి ఈ తేడా ఎందుకంటే, నీరు ఎక్కువున్న ఉల్లి ఎర్రబడటానికి చాలాసేపు పడుతుంది. వంట వీడియోల్లో "పది నిమిషాలు వేయించండి" అంటారే, ఏ ఉల్లినో చెప్పకుండా ఆ మాట అనడం నాకు నచ్చదు.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవర్లోంచి వెంటనే తీసెయ్యండి. గాలి ఆడే బుట్టలో, వెలుతురు నేరుగా పడని చోట, బంగాళాదుంపలకి దూరంగా. పొట్టు తీయని ఉల్లిని ఫ్రిజ్‌లో నిలవ పెట్టకండి, ఆ చెమ్మకి మెత్తబడిపోతుంది.

కోసేటప్పుడు

ఉల్లిని కత్తి తాకగానే కణాలు చిట్లి, అప్పటిదాకా వేరువేరు గదుల్లో ఉన్న గంధకపు పదార్థాలూ ఎంజైములూ కలుస్తాయి. కళ్లు మండించే ఆవిరి అప్పుడే పుడుతుంది. ఆ ఆవిరిని తయారుచేసే ఎంజైమ్ ఒకటి ప్రత్యేకంగా ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనిపెట్టారు, అప్పటిదాకా వెల్లుల్లిలో కూడా ఉండే ఇంకో ఎంజైమే ఈ పని అంతా చేస్తుందనుకునేవారు. ఆ పనికి 2013లో వాళ్లకి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. ఉల్లికి ఇంతకన్నా తగిన బహుమతి ఏముంటుంది, కాకపోతే ఇది ఏడిపించి ఆలోచింపజేసింది.

మనకి పనికొచ్చే సంగతేమిటంటే, ఎన్ని కణాలు నలిగితే అంత ఏడుపు. కాబట్టి కత్తి పదునుగా ఉండాలి. మొద్దు కత్తి కొయ్యదు, నలుపుతుంది. ఎక్కువ కొయ్యాల్సి ఉంటే అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి, చల్లదనానికి ఆ చర్య నెమ్మదిస్తుంది, ఆవిరీ తక్కువ లేస్తుంది. వేరు వైపు చివర్న కొయ్యండి. నోట్లో అగ్గిపుల్ల పెట్టుకోవడం, బ్రెడ్డు ముక్క కరిచి పట్టుకోవడం నేనూ చేశాను, ఏమీ లాభం లేదు, చూసేవాళ్లకి నవ్వు తప్ప.

కొయ్యడంలో దిక్కు కూడా ముఖ్యం. వేరు నుంచి మొన వైపుకి నిలువుగా చీలికలు తీస్తే ముక్క విరగకుండా కూరలో నిలబడుతుంది. పకోడీకి, బిర్యానీకి, వేపుళ్లకి అలా. అడ్డంగా చక్రాల్లా కోస్తే త్వరగా మెత్తబడి గుజ్జవుతుంది, అది గ్రేవీలకి బాగుంటుంది.

వేయించడం: ఇక్కడే ఓపిక కావాలి

ఉల్లిలో వంద గ్రాములకి దాదాపు 89 గ్రాములు నీళ్లే. ఆ నీళ్లు ఉన్నంతసేపు బాణలిలో ముక్కల వేడి 100 డిగ్రీలు దాటదు, ఎర్రటి రంగూ కమ్మటి వాసనా చురుగ్గా రావాలంటే 140 దాకా చేరాలి. అంటే మీరు వేయించడం మొదలుపెట్టిన మొదటి పది నిమిషాలు నిజానికి వేయించట్లేదు, నీళ్లు తోలేస్తున్నారు. మూత పెడితే పోవాల్సిన ఆవిరి మూతకి తగిలి మళ్లీ బాణలిలోకే కారుతుంది, ఉల్లి ఉడుకుతుంది గానీ వేగదు. ఉడికిన ఉల్లితో చేసిన కూరకి ఒక చప్పటి తీపి ఉంటుంది చూడండి, హాస్టల్ కూరలకి ఉండేది, అది ఇదే.

అర కిలో ఉల్లిపాయలు, అంటే మధ్యస్తంగా ఉన్నవి నాలుగైదు, మూడు పెద్ద చెంచాల నూనె, అర చెంచా ఉప్పు తీసుకోండి. బాణలి వెడల్పుగా ఉండాలి. ముక్కలు ఒకదాని మీద ఒకటి గుట్టగా పడితే కింది వాటి ఆవిరికి పైవి ఉడుకుతాయి, మళ్లీ అదే కథ.

నూనె కాగాక ముక్కలు వేసి వెంటనే ఉప్పు చల్లండి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. మొదటి మూడు నాలుగు నిమిషాలు పెద్ద మంట మీద కలుపుతూ ఉండండి, చురచురమని చప్పుడొస్తుంది, అది నీళ్లు పోతున్న చప్పుడు. తర్వాత మంట మధ్యస్తానికి తగ్గించండి. ఇక్కడి నుంచి గడియారం కాదు, రంగు చూడాలి.

ఏడెనిమిది నిమిషాలకి ముక్కలు అద్దంలా అవుతాయి. ఉప్మాకి, పప్పులోకి, కోడిగుడ్డు పొరటుకి ఇక్కడ ఆపెయ్యొచ్చు. పావుగంట దగ్గర అంచులు పసుపు తిరుగుతాయి, కూరగాయల కుర్మాకి ఇది చాలు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకి మొత్తం బంగారు రంగులోకి వస్తుంది, నూనె అంచుల్లో తేలుతుంది, చప్పుడు కూడా మారుతుంది, చురచుర తగ్గి సన్నటి చిటపట మిగులుతుంది. కోడికూర, మాంసం కూర అయితే ఇక్కడిదాకా రావాల్సిందే. అల్లం వెల్లుల్లి ముద్ద వేసేది కూడా ఇప్పుడే, అంతకుముందు వేస్తే అందులోని తడికి ఉల్లి వేగడం ఆగిపోతుంది, ముద్ద అడుగంటుతుంది.

అడుగు పట్టుకుంటోందనిపిస్తే భయపడి నూనె పొయ్యకండి. ఒక చెంచా నీళ్లు చల్లి అట్లకాడతో అడుగు గీకండి, ఆ అంటుకున్నదే అసలు రుచి, అది ఉల్లిలోకి తిరిగొస్తుంది. త్వరగా రంగు రావడానికి కొందరు చిటికెడు వంట సోడా వేస్తారు. రంగు వస్తుంది, నిజమే, ఉల్లి మాత్రం ముద్దముద్దగా అయిపోయి సబ్బు రుచి తగులుతుంది. నాకు ఇష్టం లేదు.

బిర్యానీ మీద చల్లే ఎర్ర ఉల్లిపాయల గురించి ఒక్క మాట. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి, నూనె మునిగేంత ఉండాలి, మీకు కావాల్సిన రంగు కన్నా ఒక మెట్టు ముందే తీసెయ్యాలి. తీశాక పళ్లెంలో కూడా అవి రంగు మారుతూనే ఉంటాయి. బాణలిలో సరిగ్గా ఉన్నాయని మురిస్తే పళ్లెంలో మాడిపోతాయి.

ఉల్లిపాయ పులుసు

ఇంట్లో కూరగాయలు ఏమీ లేనప్పుడు చేసేది ఇది, అయినా నాకు కూరగాయలున్న రోజు కూడా ఇదే చెయ్యాలనిపిస్తుంది. పావుకిలో చిన్న ఉల్లిపాయలు పొట్టు తీసి అలాగే ఉంచండి. చిన్నవి దొరక్కపోతే పెద్దవే నాలుగు చెక్కలుగా చేసి వేరు భాగం ఊడిపోకుండా చూసుకోండి. నిమ్మకాయంత చింతపండు వేణ్నీళ్లలో నానబెట్టి రసం తీసి పెట్టుకోండి.

నూనెలో అర చెంచా మెంతులు, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టండి. మెంతులు ముందు వేసి ఎర్రబడ్డాక మిగతావి, నల్లబడితే పులుసంతా చేదు. ఉల్లిపాయలు వేసి మూత లేకుండా పన్నెండు, పదిహేను నిమిషాలు, అన్ని వైపులా అక్కడక్కడా ఎర్ర మచ్చలు వచ్చేదాకా తిప్పండి. ఆ తర్వాతే, ఇక్కడ మాత్రం, మూత పెట్టి అయిదు నిమిషాలు మగ్గించండి. ముందు వేగింది కాబట్టి ఇప్పుడు మెత్తబడితే తప్పు లేదు. వరస ముఖ్యం, ముందు మగ్గించి తర్వాత వేయిద్దామంటే కుదరదు.

పసుపు, చెంచాన్నర కారం, ఉప్పు, చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్లు పోసి పావుగంట మరగనివ్వండి. పెద్ద ఉసిరికాయంత బెల్లం ముక్క వెయ్యండి. తీపి మీ ఇంటి అలవాటు, మా అమ్మ ఇంకాస్త వేసేది, మా ఆయన అసలు వద్దంటాడు, నేను ఇద్దరికీ మధ్యలో వేస్తాను, ఇద్దరూ పేరు పెడతారు. చివర్లో చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. రెండో రోజు ఇంకా బాగుంటుంది.

పకోడీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్క తప్పు చెయ్యకపోతే చాలు: నీళ్లు పొయ్యకండి. నిలువు చీలికలకి ఉప్పు, కారం, పచ్చిమిర్చి, కరివేపాకు పట్టించి చేత్తో బాగా నలిపి పది నిమిషాలు వదిలేస్తే ఉల్లే నీరు వదులుతుంది. మూడు వంతులు సెనగపిండి, ఒక వంతు బియ్యప్పిండి ఆ తడికి పట్టినంతే. ఒక చెంచా కాగిన నూనె అందులో పోసి కలిపి, మధ్యస్తపు మంట మీద విడివిడిగా వెయ్యండి.

పచ్చి ఉల్లి ఘాటుగా ఉండి పెరుగు పచ్చడిలో మండుతుంటే, కోసిన ముక్కల్ని చల్లటి నీళ్లలో పది నిమిషాలు వేసి వార్చెయ్యండి. ఘాటు నీళ్లలోకి పోతుంది, కరకర అలాగే ఉంటుంది.

ఇప్పుడు చేతులు కడుక్కోండి

నిజంగానే. సబ్బుతో, రెండుసార్లు. చెక్క మార్చండి. టీ ఆకులు ఎండినా, పచ్చివైనా చుట్టూ ఉన్న వాసన లాగేసుకుంటాయి, ఉల్లి అయితే మరీను.

బాల్కనీలో నాలుగు కుండీలతో మొదలుపెట్టొచ్చు: తులసి, పుదీనా, నిమ్మగడ్డి, వాము ఆకు. పుదీనా బజారు కట్టలోంచే నాలుగు గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి. దానికి వేరే కుండీ ఇవ్వండి, పక్క మొక్కని బతకనివ్వదు. నిమ్మగడ్డి కాడ అడుగున దుబ్బు ఉన్నది దొరికితే అదీ అలాగే నీళ్లలో వేళ్లు పోస్తుంది. కోసేటప్పుడు చేతులు జాగ్రత్త, ఆకు అంచు బ్లేడులా గీస్తుంది. వాము ఆకు కొమ్మ తుంచి మట్టిలో గుచ్చితే చాలు, చావమన్నా చావదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క అయితే ఏ మందు కొట్టారో తెలియదు కాబట్టి పాత ఆకులు టీలో వెయ్యకండి, కొత్త చిగుళ్లు వచ్చి పెరిగేదాకా ఆగండి.

తులసి దగ్గర ఒక చిక్కుంది. కోటలో ఉన్న తులసిని టీ కోసం కొయ్యడం మా అత్తగారికి ససేమిరా ఇష్టం లేదు, ఆదివారం అయితే అసలు ముట్టుకోనివ్వరు. అందుకని టీ తులసికి వేరే కుండీ పెట్టాను. దానికి పూజ లేదు, కోత ఉంది. వెన్నులు వేయడం మొదలుపెట్టగానే తుంచేస్తూ ఉండండి, లేకపోతే ఆకు చిన్నదైపోయి వాసన తగ్గుతుంది. ఆకుపచ్చగా ఉండే లక్ష్మీ తులసి మెత్తగా ఉంటుంది, నల్లగా ఉండే కృష్ణ తులసి ఘాటు, గొంతులో తగులుతుంది. నేను రెండూ కలుపుతాను.

ఇవి కాక స్థలం ఉంటే శంఖుపుష్పం తీగ వెయ్యండి, నీలం పూలది. రుచి దాదాపు ఏమీ ఉండదు, రంగు కోసం. కప్పులో నిమ్మరసం పిండగానే నీలం ఊదాలోకి మారుతుంది, పిల్లలు దీనికోసమే టీ అడుగుతారు. ఎర్ర గోంగూర పూత పూసి రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా మిగిలే తొడుగులు ఉంటాయి, అవి ఎండబెట్టుకుంటే పుల్లటి ఎర్ర టీ వస్తుంది. అన్ని గోంగూరలకీ ఇవి కండగా రావు, విత్తనం చూసుకోవాలి.

కోత, ఆరబెట్టడం

పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కొయ్యండి. కడగాల్సి వస్తే కడిగి గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత నీడలో, గాలి ఆడే గదిలో, పాత నూలు పంచె మీదో చేటలోనో ఒక్క పొరగా పరచండి. ఎండలో పెడితే రెండు రోజులు ముందే ఎండుతుంది, నిజమే, కానీ రంగు వెలిసిపోతుంది, వాసన మొదటి మధ్యాహ్నమే ఎగిరిపోతుంది. అప్పడాలకి ఎండ కావాలి, ఆకులకి నీడ కావాలి. వానాకాలంలో ఫ్యాను కింద పెట్టినా చెమ్మ వదలదు, ఆ నెలల్లో ఎండబెట్టే ప్రయత్నం మానేసి పచ్చి ఆకులే వాడుకోవడం మేలు.

ఎండిందా లేదా చూడ్డానికి ఆకు కాదు, కాడ విరవండి. ఆకు ముందే పొడిపొడి అవుతుంది, కాడ వంగుతుంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు. టక్కున విరగాలి. ఆ తొందరపాటుతోనే ఒకసారి పుదీనా సీసా అంతా నాకు బూజు పట్టింది. సీసాలో పోశాక మొదటి వారం రోజూ ఒకసారి చూడండి, గాజు లోపలి వైపు మసకగా చెమర్చితే తీసి మళ్లీ ఆరబెట్టండి. వంద గ్రాముల పుదీనా ఎండితే పదిహేను, ఇరవై గ్రాములకి మించి మిగలదు, అప్పుడు నిరాశ పడకండి.

వాము ఆకు ఎండబెట్టకండి. దళసరి ఆకు, లోపలంతా నీళ్లే, ఎండేలోపు నల్లబడుతుంది. అది పచ్చిగానే బాగుంటుంది.

కలపడం

అన్నీ మంచివే కదా అని పదిరకాలు ఒకే సీసాలో పోస్తే ఏ రుచీ తెలియని కషాయం తయారవుతుంది. నేను మూడుకి మించను. ఒకటి ఒళ్లు, అంటే టీకి నిండుదనం ఇచ్చేది, ఎక్కువ పాళ్లలో. రెండోది దానికి తోడు. మూడోది గుచ్చినట్టు తగిలేది, చిటికెడు. ఏది దేనికి తోడవుతుందో ముక్కే చెప్తుంది, కొంచెం కారణం కూడా ఉంది: తులసిలో ఉండే యూజినాల్ అనే వాసన పదార్థం లవంగంలోనూ ఉంటుంది, అందుకే ఆ రెండూ కలిస్తే అతికినట్టుంటాయి. నిమ్మగడ్డికి ఆ వాసన ఇచ్చే సిట్రాల్ అల్లంలో కూడా కొంత ఉంటుంది.

నేను నిలవ పెట్టుకునేవి రెండే. పొద్దుటికి: ఎండు నిమ్మగడ్డి మూడు పాళ్లు, తులసి రెండు పాళ్లు, శొంఠి పొడి కాదు, దంచిన శొంఠి ముక్కలు పావు పాలు. పొడి వేస్తే కప్పు అడుగున మడ్డి చేరుతుంది. భోజనం తర్వాత: పుదీనా మూడు పాళ్లు, సోంపు ఒకటిన్నర, చితక్కొట్టిన యాలకులు నాలుగైదు. పకోడీలు తిన్న సాయంత్రం ఇదే తాగుతాం, నోట్లో ఉల్లి వాసనకి కాస్త ఉపశమనం. ఆకులన్నీ ఇంచుమించు ఒకే సైజులో నలపండి, లేకపోతే బరువైనవి సీసా అడుక్కి చేరి మొదటి వారం అంతా పుదీనా, చివరి వారం అంతా సోంపు తాగాల్సి వస్తుంది. మొదట ఒక్క కప్పుకి సరిపడా కలిపి రుచి చూసి, తర్వాతే సీసాకి కలపండి.

మూడోది జలుబు చేసినప్పటి అప్పటికప్పుడు టీ: వాము ఆకులు రెండు, తులసాకులు పది, దంచిన అల్లం అంగుళం ముక్క, మిరియాలు నాలుగు. దీన్ని కాచే పద్ధతి వేరు, కింద చెప్తాను.

మూత గట్టిగా పట్టే గాజు సీసాలో, చీకటి అలమరలో, పోపుల డబ్బాకి దూరంగా పెట్టి మీద తేదీ రాయండి. ఆరు నెలలు. తర్వాత పాడవదు గానీ గడ్డి టీ నిజంగానే గడ్డి టీ అవుతుంది.

కాయడం

ఆకులూ పూలూ ఉడకకూడదు, నానాలి. వేళ్లూ గింజలూ చెక్కలూ నానితే చాలదు, ఉడకాలి. ఇది తెలిస్తే ఇంక టెన్షన్ లేదు.

నిలవ టీకి: ఒక కప్పుకి, 200 మిల్లీలీటర్లు అనుకోండి, గుండుగా ఒక చెంచా ఎండాకు. పచ్చి ఆకు అయితే దానికి మూడింతలు, చేత్తో నలిపి. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, ఆకు వేసి, వెంటనే మూత. అయిదు నుంచి ఏడు నిమిషాలు. మూత తీసినప్పుడు దాని లోపలి వైపు చూడండి, నీటి బొట్లు ఉంటాయి, వాసన చూడండి. గాల్లోకి పోవాల్సిన సువాసనే అది, ఆ బొట్లని కప్పులోకి దులపండి. పది నిమిషాలు దాటితే పుదీనా చేదెక్కుతుంది.

జలుబు టీకి: అల్లం, మిరియాలు మాత్రమే ఒకటిన్నర కప్పు నీళ్లలో వేసి సన్నటి సెగ మీద, మూత ఓరగా పెట్టి పది నిమిషాలు. అప్పుడు పొయ్యి కట్టేసి తులసి, వాము ఆకులు చిదిమి వేసి మూత పూర్తిగా పెట్టండి. తేనె కలిపేట్టయితే కప్పులో పోసి గోరువెచ్చన అయ్యాక. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు, అది మర్చిపోకండి.

ఇంట్లో పండింది కదా అని అన్నీ అందరికీ పడవు. గర్భిణులు, రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు తులసి టీ రోజూ తాగాలనుకుంటే డాక్టర్‌ని అడగండి. ఎర్ర గోంగూర టీ బీపీ తగ్గిస్తుంది, ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చూసుకోవాలి. అతిమధురం దానికి ఉల్టా, బీపీ పెంచుతుంది. తిప్పతీగ కరోనా రోజుల్లో ఊరూరా తాగారు, కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు మన డాక్టర్లే రాశారు, నేను ఆ తీగ జోలికి పోను. దండల కోసం అమ్మే చామంతి, గులాబీ టీలో వెయ్యకండి. మందు కొట్టిన పూలు అవి, పైగా మన దండ చామంతి, టీ పొట్లాల మీద రాసే కామోమైల్ ఒకటి కాదు.

ఇక ఉల్లి పొట్టుతో టీ పెట్టుకోవచ్చా అని మా చెల్లెలు అడిగింది, ఎక్కడో చూసిందట. పైపొట్టులో క్వెర్సెటిన్ అనే పదార్థం బాగానే ఉంటుంది, అది నిజం. ఒకసారి శుభ్రంగా కడిగిన పొట్టు వేడినీళ్లలో వేసి, నా నియమం ప్రకారమే మూత పెట్టి, ఏడు నిమిషాలు ఆగాను. రంగు మాత్రం చెప్పుకోవాలి, అచ్చం అసలు టీ లాగే, ఎర్రగా, నిగనిగలాడుతూ. మా అత్తగారికి ఇచ్చే ధైర్యం చాల్లేదు. రెండు గుక్కలు నేనే తాగి, చల్లారాక మిగతాది పుదీనా కుండీలో పోశాను.